నీటి వాసనకు వెలుగు వైద్యం

నీళ్లు తేటగానే ఉంటాయి. క్రిములుండవు. క్లోరిన్ సరిపడా కలిపే ఉంటుంది. అయినా గ్లాసు నోటి దగ్గరికి తెచ్చేసరికి గుప్పుమని మట్టివాసన! క్లోరిన్‌కి లొంగని, ఇసుక వడపోతకి చిక్కని ఆ వాసనను ఓ తెల్లటి పొడి, కాసింత వెలుతురు కలిసి మాయం చేస్తాయంటే నమ్మబుద్ధి కాదు. ప్రయోగశాలలో అది నిజంగానే జరిగింది. కానీ...

2020 జనవరి. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో నడివేసవి. సముద్రతీరాలన్నీ జనంతో కిటకిటలాడే కాలం. సరిగ్గా అప్పుడే నగరంలో చాలాచోట్ల కుళాయి నీళ్లు మట్టివాసన కొట్టడం మొదలైంది. కొన్ని పేటల్లో రంగు కూడా మారింది. నోట్లో పోసుకుంటే బురద రుచి. రోజుల్లోనే సూపర్‌మార్కెట్లలో సీసా నీళ్ల అరలు ఖాళీ అయిపోయాయి. కొనగలిగినవాళ్లు కొన్నారు, లేనివాళ్లు అవే తాగారు.

రియో మహానగర ప్రాంతానికి నీళ్లిచ్చే గ్వాందు శుద్ధి కేంద్రం చిన్నదేం కాదు. ప్రపంచంలోనే అతి పెద్ద నీటిశుద్ధి కేంద్రాల్లో ఒకటి. దాదాపు 90 లక్షల మంది దానిమీదే ఆధారపడ్డారు. వాసనకి కారణం 'జియోస్మిన్' అనే పదార్థమని నీటి సరఫరా సంస్థ ప్రకటించింది. అది ఆరోగ్యానికి హాని చేయదనీ చెప్పింది. ఆ మాట జనం చెవికెక్కలేదు. ఎక్కుతుందా మరి? ముక్కు ఒకటి చెబుతుంటే ప్రకటన ఇంకొకటి చెబితే మనిషి ముక్కునే నమ్ముతాడు. చివరికి జనవరి నెలాఖరులో నీళ్లలో బొగ్గుపొడి కలపడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి మొదట్లో మరో దెబ్బ. నదినీటిలో డిటర్జెంట్ కనిపించడంతో కేంద్రాన్నే కొన్ని గంటలు మూసేయాల్సి వచ్చింది.

ఇంత గొడవకి కారణమైన పదార్థం ఎంతుందని? లీటరు నీటిలో ఒక గ్రాములో వంద కోట్లో వంతును నానోగ్రాము అంటారు. అలాంటివి ఐదో పదో ఉంటే చాలు, చాలామంది ముక్కు పసిగట్టేస్తుంది. మనకి అలవాటైన లెక్కలో చెప్పాలంటే, ఒక టీఎంసీ నీటిని కంపు కొట్టించడానికి పావుకిలో కంటే కాస్త ఎక్కువ జియోస్మిన్ సరిపోతుంది. టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్ల పైమాట!

తొలకరి వాసన కూడా అదే

విచిత్రమేమిటంటే, కుళాయిలో వస్తే మనం ముక్కు మూసుకునే ఈ జియోస్మిన్‌నే తొలకరి చినుకు పడినప్పుడు గుండెలనిండా పీల్చుకుంటాం. ఎండిన నేలమీద తొలి వాన కురవగానే వచ్చే పరిమళంలో దీనిదే ముఖ్యమైన వాటా. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆ పరిమళాన్నే 'మిట్టీ అత్తర్' పేరుతో సీసాల్లో పట్టి అమ్ముతారు. కాల్చిన మట్టిని నీళ్లతో కలిపి బట్టీ పెట్టి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పంపించి తీసే అత్తరది. బీట్‌రూట్‌ కోసినప్పుడు వచ్చే మట్టివాసన కూడా జియోస్మిన్‌దే.

పేరు పెట్టింది అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే. 1965లో. గ్రీకులో 'జియో' అంటే భూమి, 'ఒస్మె' అంటే వాసన. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. క్షయ రోగానికి తొలి మందు స్ట్రెప్టోమైసిన్ పుట్టింది కూడా ఈ జాతి నుంచే, అదీ అదే విశ్వవిద్యాలయంలో! ఇంతకీ ఆ బ్యాక్టీరియాకి ఈ వాసనతో పనేమిటి? 2020లో వెలువడిన ఓ అధ్యయనం ముచ్చటైన జవాబు చెప్పింది. మట్టిలో తిరిగే స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి ప్రాణి ఈ వాసనకి ఆకర్షితమై వస్తుంది. బ్యాక్టీరియాని తింటుంది. దాని బీజాలను ఒంటికి అంటించుకుని మరోచోటికి మోసుకెళ్తుంది. పువ్వుకీ తేనెటీగకీ ఉన్న సంబంధం లాంటిదే అన్నమాట.

చెరువుల్లో, జలాశయాల్లో కథ వేరు. అక్కడ దీన్ని ఎక్కువగా తయారుచేసేది నీలి ఆకుపచ్చ నాచు. నాచు అని పిలుస్తాం కానీ అదీ బ్యాక్టీరియానే. మురుగునీరు, పొలాల ఎరువులు వచ్చి కలిసినచోట దీనికి పండగ. ఎండ కూడా తోడైతే రోజుల్లోనే నీటిమీద పచ్చటి తెట్టు కడుతుంది. జియోస్మిన్‌తోపాటు 'టూ మిథైల్ ఐసోబోర్నియాల్' అనే మరో పదార్థాన్నీ వదులుతుంది. పొడవాటి పేరు కాబట్టి 'మిబ్' అంటారు. అది కర్పూరం, బూజు కలిసినట్టు ఉంటుంది. గ్వాందులోనూ అంతే. నీళ్లు తోడుకునే చోటికి ఎగువన పక్క ఊళ్ల మురుగు శుద్ధి కాకుండానే వచ్చి కలుస్తోంది.

క్లోరిన్ ఎందుకు ఓడిపోతుంది?

మామూలు శుద్ధి కేంద్రంలో పటిక వేసి బురదను పేరుకునేలా చేస్తారు. ఇసుక పొరల్లోంచి వడకడతారు. ఆఖర్న క్లోరిన్ కలుపుతారు. మట్టి, క్రిములు పోతాయి. జియోస్మిన్ మాత్రం నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి వడపోతకి దొరకదు. దాని అణువు నిర్మాణం కూడా గట్టిది. క్లోరిన్‌కి బెదరదు. ఇంకా దారుణం ఏమిటంటే, నాచు బతికున్నంతకాలం చాలా జియోస్మిన్ దాని కణాల్లోపలే ఉంటుంది. వాసన వస్తోందని కంగారుపడి ముందుగానే క్లోరిన్ గుప్పిస్తే కణాలు పగిలి లోపలిదంతా నీళ్లలో కలుస్తుంది.

ఈ తలనొప్పి జపాన్‌కి యాభై ఏళ్లకి పైగా తెలుసు. క్యోటో ప్రజలకి నీళ్లిచ్చే బివా సరస్సులో 1969లో మొదటిసారి బూజువాసన వచ్చింది. ఆ తర్వాత అది దాదాపు ఏటా వచ్చే చుట్టమైపోయింది. చివరికి జపాన్ నగరాలు ఓజోన్ వాయువుని, బొగ్గు పొరల్ని నమ్ముకున్నాయి. టోక్యోలోని కనమాచి కేంద్రంలో 1992లో ఈ పద్ధతి మొదలైంది. 2000 నాటికి ఒసాకా నగరం తన నీళ్లన్నిటినీ ఇలాగే శుద్ధి చేయడం మొదలుపెట్టింది. తాగునీటిలో జియోస్మిన్, మిబ్ ఒక్కొక్కటి లీటరుకు పది నానోగ్రాములు దాటకూడదని జపాన్ నిబంధన కూడా పెట్టుకుంది.

బొగ్గు బాగానే పనిచేస్తుంది. కానీ అది వాసనని చంపదు, తనలోకి లాక్కుంటుంది అంతే. నీటిలో కరిగిన ఆకులు అలముల రసాలు కూడా ఆ బొగ్గు రంధ్రాల్లోనే చోటుకోసం పోటీపడతాయి. దాంతో ఎక్కువ బొగ్గు పోయాలి. వాడేసిన బొగ్గు బురదని ఎక్కడో పారబోయాలి. ఓజోన్ మెరుగే కానీ ఖరీదైనది. నీళ్లలో బ్రోమైడ్ ఉంటే బ్రోమేట్ అనే పదార్థం పుడుతుంది. అది క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానంతో లీటరుకు పది మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తాగునీటిలో ఉండే మోతాదుల్లో జియోస్మిన్ విషం కాదు. అయితే దాన్ని తయారుచేసే నాచుల్లో కొన్ని నిజమైన విషాల్నీ తయారుచేస్తాయి. 1996లో ఇదే బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో అలాంటి విషం కలిసిన నీటితో డయాలసిస్ చేయడంవల్ల యాభైమందికి పైగా కిడ్నీ రోగులు చనిపోయారు. వాసన ఉన్న ప్రతిచోటా విషం ఉండదు. విషం ఉన్న ప్రతిచోటా వాసనా ఉండదు. కానీ జలాశయంలో నాచు పెరుగుతోందని వాసన చెబుతున్నప్పుడు వినకపోవడం మాత్రం తెలివైన పని కాదు.

తెల్లపొడి తడాఖా

ఇప్పుడు వెలుతురు సంగతికి వద్దాం. 1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా అనే కుర్రాడు పరిశోధన చేస్తున్నాడు. ఆయన గురువు కెనిచి హోండా. నీళ్లలో టైటానియం డయాక్సైడ్ స్ఫటికాన్ని ఉంచి దానిమీద గట్టి వెలుతురు వేస్తే ఉపరితలం నుంచి బుడగలు వస్తున్నాయి. కరెంటు పెట్టి విడగొట్టాల్సిన నీటిని వెలుతురే విడగొడుతోంది! 1972లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి అచ్చయ్యాక ప్రపంచమంతా అటు తిరిగి చూసింది.

టైటానియం డయాక్సైడ్ మనకి కొత్తదేమీ కాదు. గోడలకి వేసే తెల్ల పెయింటులో ఉంటుంది. టూత్‌పేస్టులో, ఎండకి రాసుకునే క్రీముల్లో ఉంటుంది. పాత పెయింటు గోడని చేత్తో రాస్తే సుద్దలా అంటుకుంటుంది చూడండి, అందులోనూ ఈ పొడి చేతివాటం ఉంది. ఎండ తగిలినప్పుడు తన చుట్టూ ఉన్న జిగురుని అదే కొరికేస్తుంది.

అదెలాగంటే, ఎండలోని అతినీలలోహిత కిరణం పొడి రేణువుమీద పడగానే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరి పైమెట్టు ఎక్కుతుంది. అది వదిలేసిన ఖాళీ ఊరుకోదు. పక్కనున్న నీటి అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని లాక్కుంటుంది. అలా దోపిడీకి గురైన నీటిలోంచి పుట్టేదే హైడ్రాక్సిల్ రాడికల్. మహా కోపిష్టి. దాని ఆయుష్షు సెకనులో కోట్ల వంతు కూడా ఉండదు. ఆ లోపే చేతికందిన కర్బన అణువుమీద పడి ముక్కలు చేస్తుంది. క్లోరిన్‌కి బెదరని జియోస్మిన్ దీని ముందు నిలవలేదు. ముక్కలు ఇంకా చిన్న ముక్కలై, చివరికి బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులుతాయి. పొడి మాత్రం ఖర్చు కాదు. అందుకే దాన్ని ఉత్ప్రేరకం అంటారు. వెలుతురుతో పనిచేస్తుంది కాబట్టి కాంతి ఉత్ప్రేరకం.

స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో ఉన్న రాబర్ట్ గోర్డన్ విశ్వవిద్యాలయంలో లిండా లాటన్, పీటర్ రాబర్ట్‌సన్ బృందం దీన్ని నేరుగా వాసనమీదే ప్రయోగించింది. అంతకుముందు నాచు విషాలమీద ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించింది వాళ్లే. జియోస్మిన్, మిబ్ కలిపిన నీళ్లలో టైటానియం డయాక్సైడ్ పొడి వేసి అతినీలలోహిత దీపం కింద పెట్టారు. గంటలోపే రెండూ దాదాపు పూర్తిగా మాయం! 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. బొగ్గులా వాసనని దాచడం కాదు, లేకుండా చేయడం. మందు కలపక్కర్లేదు, బురద మిగలదు. ఎండ ఉచితం. ఇంకేం కావాలి?

వంద యూనిట్ల చిక్కు

ఇంకా చాలా కావాలి. ఇరవై ఏళ్లు దాటినా ఈ పద్ధతి మహానగరాల శుద్ధి కేంద్రాల్లోకి రాలేదంటే కారణం శాస్త్రవేత్తల బద్ధకం కాదు.

మొదటిది కరెంటు. 2018లో జర్మనీ పరిశోధకుల నాయకత్వంలో ఓ బృందం రకరకాల ఆధునిక శుద్ధి పద్ధతుల్ని ఒకే తక్కెడలో తూచింది. వెయ్యి లీటర్ల నీటిలోని కాలుష్య పదార్థాన్ని పదోవంతుకి తగ్గించడానికి ఎన్ని యూనిట్లు కావాలన్నది లెక్క. ఓజోన్‌కి, అతినీలలోహిత దీపంతో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపే పద్ధతికి ఒక యూనిట్ లోపే. దీపాలతో నడిచే కాంతి ఉత్ప్రేరకానికి వంద యూనిట్లు దాటింది! నలుగురున్న ఇంట్లో రోజుకి 500 లీటర్లు వాడతారనుకుంటే రోజుకి 50 యూనిట్లు. నెల తిరిగేసరికి వచ్చే బిల్లు చూస్తే మట్టివాసనే నయమనిపిస్తుంది. అందుకే కెనడాలోని కార్న్‌వాల్ లాంటి ఊళ్లు వాసన వచ్చే రుతువులో వెలుతురునే వాడినా, పొడి జోలికి పోకుండా పెరాక్సైడ్‌తో సరిపెట్టుకున్నాయి.

మరి ఎండ ఉందిగా? ఉంది. అయితే ఎండలో ఈ పొడికి పనికొచ్చే అతినీలలోహిత భాగం నాలుగైదు శాతమే. మిగతాదంతా దానికి చీకటితో సమానం. నత్రజని లాంటివి కలిపి పొడికి మామూలు వెలుతురుని కూడా అలవాటు చేయవచ్చని 2001లో జపాన్‌లోని టొయోటా పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. ఆ దారిలో ఇప్పటికీ ఎందరో పనిచేస్తున్నారు. అయినా రాత్రిపూట, ముసురు రోజున ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. రోజుకి కోట్ల లీటర్లు వచ్చిపడే చోట పలుచగా పరిచి ఎండబెట్టడానికి స్థలమెక్కడ?

రెండోది నదినీటి గుణం. ప్రయోగశాలలో స్వచ్ఛమైన నీళ్లలో జియోస్మిన్ ఒక్కటే ఉంటుంది. చెరువునీళ్లలో దానికంటే లక్షల రెట్లు ఎక్కువగా ఇతర కర్బన పదార్థాలుంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్ చుట్టుపక్కలెవరున్నారని చూడదు, దొరికినదాన్నల్లా కొడుతుంది. అసలు దొంగ తప్పించుకుంటాడు. సగంలో ఆపేస్తే విరిగిన ముక్కలు నీళ్లలో మిగిలిపోతాయి. అవేమిటో తెలుసుకోకుండా జనంచేత తాగించలేం కదా!

మూడోది ఆ పొడిని తిరిగి పట్టుకోవడం. బాగా పనిచేసే రకం రేణువు సైజు మీటరులో వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఇరవై చిల్లర. నీళ్లలో వేస్తే పాలలా కలిసిపోతుంది. అదలా కుళాయిదాకా వస్తే ఎలా? ఆహారంలో తెల్లరంగు కోసం ఈ పదార్థాన్ని వాడటాన్ని ఐరోపా యూనియన్ 2022లో నిషేధించింది. పొడి నీళ్లలో మిగిలిపోకూడదన్న పట్టింపు ఆ తర్వాత ఇంకా పెరిగింది.

దీనికి మన హైదరాబాద్‌లోనూ ఓ జవాబు వెతికారు. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ, అదే ఐఐసీటీ, శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్‌ని ప్యూమిస్ రాళ్లమీద పూతలా పట్టించారు. అగ్నిపర్వతాల నుంచి వచ్చే ఈ రాయి నిండా రంధ్రాలే, చాలా తేలిక. మడమలు రుద్దుకోవడానికి దుకాణాల్లో దొరికేది అదే. పొడి రాయికి అంటుకునే ఉంటుంది కాబట్టి వడపోత బెడద లేదు. తాగునీటిలోని క్రిములు, మురుగునీటిలోని మొండి రసాయనాల మీద పనిచేస్తుందని 2008లో ప్రకటించారు. అంతకుముందు 2004లోనే ఫ్రాన్స్ పరిశోధకుడితో కలిసి ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పారు. ఇలా పూత పట్టించిన ఉత్ప్రేరకం వాడగా వాడగా నీరసిస్తుంది. 'పొడి ఖర్చు కాదు' అన్న పుస్తకాల్లోని మాట కాగితంమీద ఉన్నంత సులువుగా నీళ్లలో నిలవదన్నమాట.

అబెర్డీన్ బృందమూ ఆ వైపే నడిచింది. పొడిని గింజల్లా చేసి, ఆ గింజల గుట్టలోంచి నీళ్లు ఆగకుండా పారేలా ఓ పరికరం తయారుచేసి 2014లో వివరాలు ప్రచురించింది. గింజలైతే ఉన్నచోటే ఉంటాయి. నీళ్లు వాటంతటవే బయటికొస్తాయి.

ముందుగా చేపలకి

ఆ గింజలకి తొలి గిరాకీ మనుషుల నుంచి కాక చేపల నుంచి రావచ్చు. చేప మొప్పల్లోంచి జియోస్మిన్‌ని పీల్చుకుని కొవ్వులో దాచుకుంటుంది. అందుకే చెరువు చేప ఒక్కోసారి మట్టివాసన కొడుతుంది. అమెరికాలోని మిసిసిపీ ప్రాంతంలో క్యాట్‌ఫిష్ చెరువుల నుంచి ముందు నమూనా చేపను తెచ్చి వండి, రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు బాగుందంటేనే చెరువు పట్టనిస్తారు. లేదంటే రైతు చేపల్ని మేపుతూ కూర్చోవాల్సిందే. నీటిని తిప్పి తిప్పి వాడే ట్యాంకుల్లో పెంచేచోట అమ్మే ముందు రోజుల తరబడి మంచినీళ్లలో పస్తుంచి వాసన వదిలిస్తారు. ఆ రోజుల్లో చేప బరువు తగ్గుతుంది, అంటే రైతుకి డబ్బు తగ్గుతుంది. ఇక్కడ శుద్ధి చేయాల్సింది నగరానికి సరిపడా నీళ్లు కావు. చేపకి వచ్చే ధర ముందు కరెంటు ఖర్చుకి ఓ లెక్క కుదిరే అవకాశం ఉంది.

కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి పెంచే రైతులకి ఈ మట్టివాసన సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మన వంటిళ్లకీ తెలుసు. చేప ముక్కలకి నిమ్మరసం, ఉప్పు, పసుపు పట్టించి కడగడం, చింతపండు పులుసులో ఉడికించడం ఊరికే రాలేదు. జియోస్మిన్‌కి ఆమ్లం పడదు. పులుపులో అది వాసనలేని మరో పదార్థంగా మారుతుందని రసాయన శాస్త్రం చెబుతోంది. తాగునీళ్లకి ఆ చిట్కా పనికిరాదు లెండి, ఊరంతటికీ పులుసు సరఫరా చేయలేం!

ఇళ్లలో వాడే నీటి యంత్రాల గురించీ ఒక మాట. 'యూవీ' దీపం ఉంది కదా, వాసన కూడా పోతుందనుకుంటారు చాలామంది. ఆ దీపం క్రిముల్ని చంపడానికే. నీళ్లు దాని ముందు ఉండేది కొన్ని క్షణాలే, ఉత్ప్రేరకమూ ఉండదు. మట్టివాసనని పట్టేది ఆ యంత్రంలోని బొగ్గు గొట్టమే. అది నిండిపోయాక మార్చకపోతే వాసన మళ్లీ మొదలవుతుంది. నీళ్లు చల్లబరిస్తే వాసన తక్కువ తెలుస్తుంది, కానీ పదార్థం ఎక్కడికీ పోదు.

మన దేశంలో తాగునీటికి ఓ ప్రమాణం ఉంది. ఐఎస్ 10500. 2012లో సవరించిన ఆ పట్టికలో ఆర్సెనిక్‌కి, ఫ్లోరైడ్‌కి, నైట్రేట్‌కి ఎంత మించకూడదో అంకెలున్నాయి. జపాన్‌లోలా జియోస్మిన్‌కి అంకె లేదు. నానోగ్రాముల్ని లెక్కించాలంటే లక్షల రూపాయల యంత్రం కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి. వాసన అన్న వరస ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క మాట... 'ఆమోదయోగ్యం'.